ఒక చెక్క మిగిలింది

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి పార్కులో రంపం నోరు మూసింది, క్యారేజీ నోరు తెరిచింది.

సగం పైన పూర్తయిన వంతెన పక్కన పట్టా పరుచుకుని మేస్త్రి తాత భోజనానికి కూర్చున్నాడు. 'దాదాపు' అనే పదేళ్ళ పిల్ల మాత్రం తన డబ్బా గబగబా ఖాళీ చేసి, వంతెన కిందున్న కాలవ గట్టుకి పరిగెత్తింది.

దాదాపు ఆ పిల్ల అసలు పేరు కాదు. హోంవర్క్ అయిందా అంటే "దాదాపు" అంటుంది. స్నానం చేశావా అంటే "దాదాపు" అంటుంది. ఒకరోజు పెద్దమ్మ, "పళ్ళు తోముకున్నావా?" అని అడిగితే కూడా అదే జవాబు.

"అంటే పైవరస తోమి కిందివరసకి సెలవిచ్చావా?" అని నవ్వింది పెద్దమ్మ. అప్పటినుంచి ఆ పేరే స్థిరపడిపోయింది. స్కూలు హాజరుపట్టీ ఒక్కటే ఆ పిల్లని ఇంకా అసలు పేరుతో పిలుస్తోంది.

ఆ వంతెన గీసింది దాదాపు వాళ్ళ అమ్మ. పార్కుల్లో మనుషులు నడిచే చెక్క వంతెనలు డిజైన్ చేయడం ఆమె ఉద్యోగం. వాటి మీదికి కార్లు ఎక్కవు, లారీలు ఎక్కవు. పిల్లలు, తాతలు, బామ్మలు, పసిపాపల బండ్లు, ఎవరూ పిలవకుండానే వచ్చే కుక్కలు మాత్రం ఎక్కుతాయి.

"కలపతో కలపడమే నా పని," అంటుంది అమ్మ. ఇటు గట్టునీ అటు గట్టునీ కలపతో కలుపుతుందన్నమాట.

ఈ వంతెన పొడవు పన్నెండు మీటర్లు. కింద రెండు పెద్ద దూలాలు. వాటి మీద అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి, ఎనభై రెండు చెక్కలు. ప్రతి రెండు చెక్కల మధ్యా ఆరు మిల్లీమీటర్ల సందు.

ఆ సందు ఎందుకని దాదాపు ఒకసారి అడిగింది.

"సందు లేకపోతే వాన నీళ్ళు పైనే నిలుస్తాయి," అంది అమ్మ. "చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి. ఉబ్బితే చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటాయి. స్కూలు బస్సులో ఒకే సీట్లో మీరు నలుగురు కూర్చుంటారే, అలా."

"అయితే ఇంకా పెద్ద సందు పెట్టొచ్చుగా?"

అమ్మ మాటలతో జవాబు చెప్పలేదు. పెద్దమ్మ వాడే తెల్ల కర్రని తలుపు మూలనుంచి తెచ్చి, దాని కొనని టేపుతో కొలిచి చూపించింది. పదకొండు మిల్లీమీటర్లు.

పెద్దమ్మ అమ్మకి సొంత అక్క. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. పెద్దమ్మకి కళ్ళు కనిపించవు. కర్ర కొనని నేల మీద ఇటూ అటూ జార్చుకుంటూ నడుస్తుంది. పార్కుకి అవతల ఉన్న చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పుతుంది.

పార్కులోంచి వెళ్తే ఆ బడి పది నిమిషాల దూరం. కానీ మధ్యలో కాలవ. అందుకని ఇన్నాళ్ళూ వ్యాను ఎక్కి, ఊరంతా చుట్టి వెళ్ళేది. వ్యాను డ్రైవరు చెయ్యి పట్టుకుని గేటు లోపలి దాకా దింపేవాడు. సోమవారం ఈ వంతెన తెరుస్తారు. సోమవారం నుంచి పెద్దమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన పాదాలతో తాను బడికి వెళ్తుంది.

మేస్త్రి తాత ప్రతి సందుకీ టేపు పెట్టి కొలుస్తూ కూర్చోడు. ఆయన దగ్గర సరిగ్గా ఆరు మిల్లీమీటర్ల మందమున్న రెండు చిన్న చెక్కముక్కలు ఉంటాయి. వాటిని గ్యాప్ ముక్కలంటాడు. ఒక చెక్క బిగించాక, దాని పక్కన ఈ కొసన ఒక ముక్క, ఆ కొసన ఒక ముక్క నిలబెడతాడు. కొత్త చెక్కని వాటికి ఆనించి స్క్రూలు బిగిస్తాడు. ముక్కలు లాగేస్తే మిగిలేదే సందు.

ఆ ముక్కలు భద్రంగా దాచి, అడిగినప్పుడల్లా అందించడం దాదాపు పని. వంతెనలో తన వంతు అదేనని ఆ పిల్లకి గొప్ప గర్వం. మొదటిరోజే స్కేలుతో కొలిచి, రెండింటి మీదా పెన్నుతో "6" అని రాసింది.

ఇప్పుడు ఆ రెండు ముక్కలూ చేతిలో ఉన్నాయి. ముందు కాలవ ఉంది. ముక్కలు చూస్తే అచ్చం పడవల్లా ఉన్నాయి.

ఒక్క పందెం అనుకుంది దాదాపు. వంతెనకి ఇవతల వదలాలి, పరిగెత్తుకెళ్ళి అవతల పట్టుకోవాలి.

వదిలింది. పరిగెత్తింది. మొదటి పడవ ఫస్టు వచ్చింది. రెండో పడవ సెకండు వచ్చింది. దాదాపు థర్డు వచ్చింది. ఆ పిల్ల వంగి చెయ్యి చాచేలోపే పడవలు రెండూ తూములోకి దూరి మాయమైపోయాయి.

"ఇంజినీరమ్మా, ముక్కలు పట్రా," పైనుంచి తాత కేక వేశాడు. "మబ్బు పడుతోంది. వానకంటే ముందు మనం ముగించాలి."

దాదాపు గబుక్కున లేచింది. చుట్టూ చూసింది. కోసి పారేసిన చెక్కల కుప్పలో రెండు ప్లైవుడ్ ముక్కలు కనిపించాయి. పొడవు అంతే ఉంది. వెడల్పు అంతే ఉంది. మందం కూడా అంతే ఉన్నట్టుంది, దాదాపుగా.

స్కేలు బ్యాగులో ఉంది. బ్యాగు వంతెన అవతల ఉంది. పెన్ను మాత్రం జేబులో ఉంది.

రెండు ముక్కల మీదా "6" అని రాసేసి, పైకి పరిగెత్తింది.

తాత ముక్కలు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "ఏంటమ్మా, ఇవి కాస్త బొద్దుగా ఉన్నట్టున్నాయి?"

"భోజనం చేశాయి తాతా."

తాత పకపకా నవ్వాడు. కళ్ళజోడు పైకి తోసుకుని ముక్క మీదున్న అంకె చూశాడు. ఆరు. డ్రిల్లు అందుకున్నాడు.

భోజనానికి ముందు యాభై ఏడు చెక్కలు బిగించారు. భోజనం తర్వాత ఒక్కొక్కటిగా ఇరవై నాలుగు బిగించారు. వాన రాలేదు. వంతెన అవతలి గట్టుకి చేరింది. చివరి స్క్రూ బిగించి తాత నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు.

అప్పుడు గడ్డి మీద ఒక చెక్క కనిపించింది.

ఒకే ఒక్క చెక్క. మంచిది. కొత్తది. పెట్టడానికి వంతెన మీద ఎక్కడా చోటు లేనిది.

తాత దానివైపు చాలాసేపు చూశాడు. వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరికి లెక్కపెడుతూ నడిచాడు. వెనక్కి మళ్ళీ లెక్కపెడుతూ వచ్చాడు.

ఐదింటికి పార్కు ఆఫీసు నుంచి అమ్మ వచ్చింది. తాత తల దించుకునే చెప్పాడు. "అమ్మా, ఎనభై ఒకటే పట్టాయి. ఒకటి మిగిలింది."

"మీరు కలప డిపోలో ఎనభై రెండే కోయించారుగా మేస్త్రిగారూ?"

"ఎనభై రెండే అనుకున్నాను. ఒకటి ఎక్కువ కోయించానేమో. నలభై ఏళ్ళుగా చెక్కకి చెక్క లెక్క చెప్పిన బుర్ర. ఇవాళ ఎక్కడో జారింది."

"మీరు జారరు. నేనే తప్పు గీసి ఉంటాను. ఇంటికెళ్ళి చూస్తాను."

దాదాపు చెప్పుల వైపు చూస్తూ నిలబడింది. జేబులో రెండు ముక్కలున్నాయి.

* * *

ఇంటికొచ్చాక అమ్మ బల్ల మీద డ్రాయింగ్ పరిచింది. ఒక చేతిలో పెన్సిలు, ఇంకో చేతిలో కాలిక్యులేటరు.

"పన్నెండు మీటర్లు సరిపోయింది. చెక్క వెడల్పు నూట నలభై, అదీ సరిపోయింది. మరి ఒక చెక్క చోటు ఎక్కడికి పోయింది? నా లెక్కకి రెక్కలొచ్చాయా?"

పెద్దమ్మ సోఫాలో కూర్చుని రేపటి బూట్లు తుడుచుకుంటోంది. ఒకటికి రెండుసార్లు తుడిచింది. మొహం వెలిగిపోతోంది.

"వ్యాను అబ్బాయికి చెప్పేశానే, రేపటినుంచి రావద్దని," అంది. "నా సీటు అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశాడట. మా బడి పిడుగులు నమ్మట్లేదు. 'మీరు ఒక్కరే ఎలా వస్తారు టీచర్?' అంటారు. రేపు గేటు దగ్గర నిలబడి చూస్తారట. చూడనీ."

అమ్మ ఫోను మోగింది. అమ్మ "అయ్యో, అదేం మాట మేస్త్రిగారూ," అంది. మళ్ళీ అదే మాట అంది. ఫోను పెట్టేసింది.

"ఏమైందే?" అంది పెద్దమ్మ.

"వచ్చే వంతెనకి ఆయన రారట అక్కా. చెక్కలు లెక్కపెట్టలేని మనిషికి చెక్క పని ఎందుకంటున్నారు. గొంతు అదోలా ఉంది."

దాదాపు కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది.

"అమ్మా. అది తాత తప్పు కాదు."

అమ్మ తల ఎత్తింది. దాదాపు జేబులోంచి రెండు ముక్కలు తీసి డ్రాయింగ్ మీద పెట్టింది. పడవల సంగతి చెప్పింది. తూము సంగతి చెప్పింది. కుప్పలోంచి ఏరిన సంగతి, తాత బొద్దుగా ఉన్నాయన్న సంగతి, తను వేసిన జోకు సంగతి కూడా చెప్పింది.

"వీటి మందం ఎంత?" అమ్మ అడిగింది.

"దా..." అని ఆగిపోయింది. "తెలీదమ్మా. కొలవలేదు."

"కొలవకుండానే ఆరు అని రాశావా?"

దాదాపు తల ఊపింది. అమ్మ టేపు తీసి కొలిచింది. పన్నెండు.

ఒక సందుకి ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. అలాంటి సందులు ఇరవై నాలుగు. అమ్మ కాలిక్యులేటరు జోలికి పోలేదు. "నూట నలభై నాలుగు," అంది మెల్లగా. "నా చెక్కని ఈ సందులన్నీ కలిసి కొరుక్కుతిన్నాయి."

అమ్మ తిడుతుందని దాదాపు ఎదురుచూసింది. అమ్మ తిట్టలేదు. అలమరలోంచి రెండు లావు పుస్తకాలు తీసి నేల మీద పడుకోబెట్టింది. మధ్యలో ఆ ముక్క పెట్టి, పుస్తకాలు దగ్గరికి జరిపి, ముక్క తీసేసింది. సందు మిగిలింది.

"అక్కా, ఒకసారి కర్ర ఇటు పోనియ్యి."

పెద్దమ్మ లేచి, ఎప్పుడూ నడిచేటట్టే కర్ర కొనని జార్చింది. అది మొదటి పుస్తకం మీద సర్రున పాకింది. సందు దగ్గరికి వచ్చి, టక్కున దిగబడిపోయింది. కదల్లేదు.

"ఊఁ," అంది పెద్దమ్మ. "నడకలో ఇలా ఆగితే పిడి వచ్చి పొట్టలో ఒక్క పోటు పొడుస్తుంది. తర్వాత నేను బోర్లా, కర్ర కాలవలో."

నవ్వుతూనే అంది. దాదాపుకి మాత్రం నవ్వు రాలేదు.

"పెద్దమ్మా, నాకు తెలీలేదు. పన్నెండు అని నిజంగా తెలీలేదు."

పెద్దమ్మ కర్ర పక్కన పెట్టి ఆ పిల్ల చెయ్యి వెతికి పట్టుకుంది.

"పన్నెండైతే ఏం పోయిందే? పన్నెండు అని నాకు చెప్పి ఉంటే కర్ర కాస్త పైకెత్తి నడుస్తాను. ఆరు అని చెప్తే ఆరు అనుకునే నడుస్తాను. నాకు వంతెన కనిపించదు కదా. మీరు చెప్పిందే నాకు వంతెన."

దాదాపు కళ్ళు నిండాయి. తుడుచుకుంది, మళ్ళీ నిండాయి.

"ఏడుపులో కూడా దాదాపేనా?" పెద్దమ్మ ఆ పిల్ల తల ఒళ్ళోకి లాక్కుంది. "వచ్చినంతా ఏడ్చెయ్యి. సగం దాచుకుంటే తలనొప్పి వస్తుంది."

అమ్మ పార్కు సూపరింటెండెంటుకి ఫోను చేసింది. వంతెన రేపు తెరవడం లేదని, బుధవారం తెరుస్తారని చెప్పింది. తర్వాత మేస్త్రి తాత నంబరు తీసింది.

"అమ్మా, ఆగు," అంది దాదాపు. "ఫోన్లో వద్దు. తాతకి రేపు పొద్దున్న నేనే చెప్తాను."

* * *

పొద్దున్న ఆరున్నరకి అమ్మా కూతుళ్ళు పార్కుకి వెళ్ళేసరికి మేస్త్రి తాత అప్పటికే అక్కడున్నాడు. వంతెన మీద గొంతుక్కూర్చుని, ఒక్కో చెక్క మీదా సుద్దముక్కతో అంకె వేస్తున్నాడు. ముప్పై రెండు. ముప్పై మూడు.

దాదాపు వెళ్ళి ముప్పై నాలుగో చెక్క మీద కూర్చుంది.

"తాతా, మీ లెక్క తప్పలేదు. నేను తప్పాను."

జరిగిందంతా చెప్పింది. ముక్కలు చేతికిచ్చింది. ఈసారి వాటి మీద "6" కొట్టేసి ఉంది. పక్కన "12" అని ఉంది.

తాత సుద్దముక్క కింద పెట్టాడు. ముందు పెద్ద ఊపిరి వదిలాడు, రాత్రంతా ఛాతీ మీదున్న దూలం ఎవరో ఎత్తేసినట్టు. తర్వాత ఆయన మొహం చిన్నబోయింది.

"బొద్దుగా ఉన్నాయని నా వేళ్ళు చెప్పాయమ్మా. నలభై ఏళ్ళుగా నాతో ఉన్న వేళ్ళు. వాటి మాట పక్కన పెట్టి నీ మాట విన్నాను."

దాదాపుకి ఆ మాట చీల చర్మంలో దిగినట్టు దిగింది. "సారీ తాతా," అంది. మళ్ళీ గట్టిగా అంది.

తాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. "సరే, ఏడవడానికి టైము లేదు. పని పడుకుని ఉంది, లేపాలి. ఇరవై నాలుగు చెక్కలు పీకాలి. చెక్కకి ఆరు స్క్రూలు. మొత్తం ఎన్ని?"

"నూట నలభై నాలుగు."

"దాదాపుగానా?"

"కాదు తాతా. నూట నలభై నాలుగే."

"పాత రంధ్రాలు?"

"వాటిలో చెక్క పుల్లలు కొట్టి మూసెయ్యాలి. లేకపోతే నీళ్ళు దిగి దూలం కుళ్ళిపోతుంది."

"ఎవరు చెప్పారే నీకు?"

"మొన్న మీరే చెప్పారు."

"నేను చెప్తే విన్నావన్నమాట," అన్నాడు తాత. మీసం కింద ఎక్కడో చిన్న నవ్వు కదిలింది. అమ్మవైపు తిరిగాడు. "అమ్మా, వచ్చే వంతెన డ్రాయింగు ఎప్పుడిస్తారు?"

"రేపే ఇస్తాను," అంది అమ్మ, ఆయన మనసు మారకముందే.

దాదాపు మొదటి స్క్రూ పట్టుకోబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగింది. టైము ఏడుంపావు. పెద్దమ్మ బడి ఎనిమిదిన్నరకి. వ్యాను రాదు. వంతెన లేదు. అమ్మ ఇక్కణ్ణించి కదలడానికి లేదు.

"అమ్మా, పార్కు వెనక సందులోంచి, కాలవ చుట్టూ తిరిగి వెళ్ళే ఇంకో దారి ఉంది కదా. పెద్దమ్మతో నేను వెళ్తాను. మా స్కూలు తొమ్మిదిన్నరకి. ఈలోపు వచ్చేస్తాను."

అమ్మ ఆ పిల్లని ఒక్క క్షణం చూసింది. "రోడ్డు దాటేటప్పుడు?"

"రెండువైపులా చూస్తాను. సగం చూసి దాటను."

* * *

ఆ దారిలో పెద్దమ్మ ఎప్పుడూ నడవలేదు. ఒక చేత్తో దాదాపు మోచెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో కర్ర జార్చుకుంటూ నడిచింది. ఎడమవైపు పొడవాటి గోడ. కుడివైపు ఇళ్ళు. ఒక చోట సైకిలు అడ్డంగా ఉంటే దాదాపు చెప్పింది. ఒక చోట నీళ్ళ పైపు ఉంటే చెప్పింది. ఒక కిటికీలో పిల్లి ఉంటే, అవసరం లేకపోయినా అదీ చెప్పింది.

"ఏ రంగు?" అంది పెద్దమ్మ.

"తెలుపు. ఒక చెవి మాత్రం నలుపు."

"ఏ చెవి?"

దాదాపు వెనక్కి వెళ్ళి చూసొచ్చింది. "దాని కుడి చెవి."

బడి వెనక గేటు కనిపించింది. సందు చివర నేల పల్లమై, మెట్లు దిగితే గేటు. గేటు అవతల పదిమంది పిల్లలు కమ్మీలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. టీచర్ ముందు గేటు వైపు రారని ఎవరు చెప్పారో, బుడతలందరూ ఇటే వచ్చేశారు.

"టీచర్," అని ఒక గొంతు పిలిచింది. "మీరు ఒక్కరే వచ్చారా?"

పెద్దమ్మ ఆగింది. "లేదురా, మా అమ్మాయి తీసుకొచ్చింది," అంది వాళ్ళతో. తర్వాత గొంతు తగ్గించి దాదాపుతో అంది. "ఇక్కణ్ణించి నేనొక్కదాన్నే వెళ్తాను. మెట్లు ఎన్ని ఉన్నాయి?"

ఓ ఐదారు ఉంటాయని నాలుక చివరిదాకా వచ్చింది. దాదాపు నోరు మూసుకుంది.

"ఒక్క నిమిషం ఉండు పెద్దమ్మా."

ఒక్కో మెట్టూ పైకి లెక్కపెడుతూ దిగింది. కింద చేరాక వెనక్కి తిరిగి చూసింది. చివరి మెట్టు మిగతావాటికన్నా ఎత్తుగా అనిపించింది. బ్యాగు దించి స్కేలు తీసింది. అక్కడే కూర్చుని ఆ మెట్టు కొలిచింది. పై మెట్టు కొలిచింది. దాని పైది, ఆ పైది, అన్నీ కొలిచింది. గేటులోంచి పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"అక్క ఏం చేస్తోంది?" అన్నాడొకడు.

"మెట్లకి చొక్కాలు కుడుతోందేమో," అంది ఇంకొకత్తె.

దాదాపు పైకి వచ్చింది.

"ఏడు మెట్లు పెద్దమ్మా. ఆరింటి ఎత్తు పదిహేను సెంటీమీటర్లు. ఆఖరిది ఇరవై ఒకటి. కుడివైపు పట్టుకోవడానికి కమ్మీ ఉంది, కానీ ఐదో మెట్టు దాకానే."

పెద్దమ్మ తల ఊపింది. ఆ పిల్ల మోచెయ్యి వదిలేసింది.

దాదాపు వెనకే వెళ్ళలేదు. పైనే నిలబడింది. పెద్దమ్మ కుడిచెయ్యి కమ్మీని వెతికి పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో మెట్టు దగ్గర కమ్మీ అయిపోతే, చెయ్యి తడబడకుండా పక్కకి వచ్చింది. ఆరు. గేటు అవతల పిల్లలు మునివేళ్ళ మీద లేచారు.

ఏడో మెట్టు దగ్గర పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి, కాలు మిగతావాటికన్నా కిందికి చాచింది.

నేల అక్కడే ఉంది.